పైలట్ కాబోయే బిడ్డకు గుండె పరీక్ష

మన ఇళ్లలో డాక్టర్, ఇంజినీర్ అన్న మాటల సరసన ఇప్పుడు పైలట్ అన్న మాట కూడా వినబడుతున్నది. హైదరాబాద్ పాతబస్తీలో ఒక బేకరీ కార్మికుని కుమార్తె సయ్యదా సల్వా ఫాతిమా బేగంపేటలోని ఏవియేషన్ అకాడమీలో శిక్షణ పొంది కమర్షియల్ పైలట్ లైసెన్సు సాధించిన నాటి నుండి, ఆ కోరిక ధనవంతుల పిల్లలకే చెందినదన్న అభిప్రాయం చాలావరకు చెదిరిపోయింది. ఇంటర్మీడియట్‌లో గణితం, భౌతికశాస్త్రం చదివిన పిల్లలు, వారిలో ఆడపిల్లలు కూడా, తల్లిదండ్రుల ముందు ఈ ప్రస్తావన తెస్తున్నారు. ఇది సంతోషించదగిన మార్పే. అయితే ఈ దారిలో అడుగుపెట్టే కుటుంబాలు చాలావరకు ఒక పనిని తలక్రిందులుగా చేస్తున్నాయి. ముందు ఫ్లయింగ్ స్కూలులో సీటు, ఆ తర్వాత ఫీజు, ఆ తర్వాత అప్పు, చిట్టచివరికి వైద్య పరీక్ష. నిజానికి వైద్య పరీక్ష మొదట జరగాలి, మిగిలినవన్నీ ఆ తర్వాత రావాలి.

కమర్షియల్ లైసెన్సుకు మన దేశంలో 200 గంటల విమాన చోదన అనుభవం కావాలి. ఆ గంటలకయ్యే వ్యయం పదుల లక్షలలో ఉంటుంది. పొలం అమ్మినవారు, ఇల్లు తాకట్టు పెట్టినవారు, బంధువులందరి వద్ద చేబదుళ్లు తీసుకున్నవారు మనకు తెలియనివారేమీ కారు. ఇంత సొమ్ము కట్టిన తర్వాత, కంటి పరీక్షలోనో చెవి పరీక్షలోనో కాక, ఎవరూ ఊహించని విధంగా ఈసీజీ కాగితం మీద కనిపించిన చిన్న గీత దగ్గర బిడ్డ ఆగిపోయినప్పుడు ఆ ఇంట్లో ఏర్పడే నిశ్శబ్దాన్ని వర్ణించనవసరం లేదు. చూపు మందగిస్తే కళ్లద్దాలున్నాయి, వినికిడిని కొలిచే లెక్క ఉన్నది. గుండె లయ మాత్రం కంటికి కనబడదు. ఇరవై ఏళ్ల కుర్రవానికి గుండె జబ్బా అని తల్లి నమ్మదు, తండ్రి నమ్మడు, అప్పుడప్పుడూ ఇంటి డాక్టర్ కూడా నమ్మడు.

అసలు పైలట్ గుండె మీద ఇంత నిఘా ఎందుకు? 1972 జూన్ 18న లండన్‌లోని హీత్రూ నుండి బ్రస్సెల్స్‌కు బయలుదేరిన ట్రైడెంట్ విమానం నిమిషాల వ్యవధిలోనే స్టెయిన్స్ పట్టణం సమీపంలో కూలిపోయింది. అందులోని 118 మందీ మరణించారు. కెప్టెన్ వయస్సు 51 సంవత్సరాలు. శవపరీక్షలో ఆయన గుండె రక్తనాళాలు తీవ్రంగా పూడుకుపోయి ఉన్నట్లు, ఒక నాళపు గోడలో రక్తస్రావం జరిగినట్లు తేలింది. ఆ బాధ వల్ల ఆయన ఏకాగ్రత, విచక్షణ దెబ్బతిని ఉండవచ్చునని విచారణ సంఘం ప్రమాద కారణాలలో ఒకటిగా పేర్కొన్నది. అది లయకు సంబంధించిన జబ్బు కాదు, రక్తనాళాల జబ్బు. అయినా పైలట్ల హృదయం గురించి ప్రపంచం గట్టిగా ఆలోచించడానికి ఆ దుర్ఘటన ఒక కారణమయింది.

దీనికి మరొక పార్శ్వం కూడా ఉన్నది. సరిగ్గా 37 సంవత్సరాల తర్వాత, 2009లో అదే జూన్ 18న, బ్రస్సెల్స్ నుండి అమెరికాలోని నెవార్క్‌కు వెళుతున్న బోయింగ్ 777 విమానంలో అరవై ఏళ్ల కెప్టెన్ అట్లాంటిక్ సముద్రం మీదుండగానే మరణించారు. పక్కనున్న పైలట్లు విమానాన్ని సురక్షితంగా దించారు. లోపలున్న 247 మంది ప్రయాణికులలో చాలామందికి నేల మీద దిగిన తర్వాత గానీ సంగతి తెలియలేదు. మన దేశంలోనూ 2023 ఆగస్టులో నాగపూర్ విమానాశ్రయంలో ఒక కెప్టెన్ విమానం ఎక్కబోతూ ద్వారం వద్దనే కుప్పకూలి మరణించారు.

ఈ రెండు రకాల సంఘటనల మధ్య నుండే విమాన వైద్యంలో 'ఒక శాతం సూత్రం' పుట్టింది. 1980ల నాటి ఐరోపా హృద్రోగ నిపుణుల చర్చలలో రూపుదిద్దుకున్న ఆ సూత్రం వినడానికి విచిత్రంగా ఉంటుంది గానీ దాని తర్కం సరళమైనదే. ఇద్దరు పైలట్లు నడిపే విమానంలో ఒక పైలట్ ఏడాది కాలంలో హఠాత్తుగా అశక్తుడయ్యే అవకాశం నూటికి ఒకటికి మించరాదు. ఏడాదికి 8,760 గంటలు. నూటికి ఒకటిని ఆ గంటలకు పంచితే గంటకు సుమారు పది లక్షలలో ఒక వంతు వస్తుంది. గంటసేపటి ప్రయాణంలో టేకాఫ్, ల్యాండింగ్ వంటి క్లిష్ట ఘట్టాలు పదో వంతు అనుకుందాం. ఆ ఘట్టంలో పక్క పైలట్ కూడా విమానాన్ని చేతిలోకి తీసుకోలేకపోయే అవకాశం వందలో ఒకటి అనుకుందాం. అన్నీ గుణిస్తే ప్రమాదం నూరు కోట్ల గంటలకు ఒకటిగా తేలుతుంది. పరీక్ష గదిలో డాక్టర్ అడిగే ప్రశ్నలన్నింటి వెనుకా ఈ లెక్క ఉన్నది. 'ఈ అబ్బాయి రోగియా?' అన్నది ఆయన ప్రశ్న కాదు. 'రాబోయే సంవత్సరంలో ఇతడు కాక్‌పిట్‌లో స్పృహ తప్పే అవకాశం ఎంత?' అన్నదే ఆయన ప్రశ్న. ఈ తేడా గ్రహించని కుటుంబాలు డాక్టర్ మీద అనవసరంగా ఆగ్రహిస్తుంటాయి. బస్సు నడపడానికీ, పెళ్లి చేసుకోవడానికీ, నూరేళ్లు బ్రతకడానికీ ఏమాత్రం అడ్డురాని గుండె ఈ ఒక్క వృత్తికి మాత్రం అడ్డు రావచ్చు.

నాడి లయను గమనించడం నిన్న మొన్నటి విద్య కాదు. వెయ్యేళ్ల క్రితమే ఇబ్ను సీనా తన 'అల్ ఖానూన్' గ్రంథంలో నాడిని పది లక్షణాలతో పరిశీలించాలని వివరించాడు. వేగం, బలం, రెండు స్పందనల నడుమ విరామం, సమత, విషమత వంటివన్నీ అందులో ఉన్నాయి. మన హకీములు మణికట్టు మీద వేళ్లుంచి కళ్లు మూసుకొని వెతికినది వీటినే. వేళ్లకు దొరకని విద్యుత్ గీతను కాగితం మీదికి తెచ్చినవాడు నెదర్లాండ్స్‌కు చెందిన ఐంథోవెన్. ఆ కృషికి ఆయనకు 1924లో నోబెల్ బహుమతి లభించింది. నేటి ఈసీజీ ఆయన పరికరానికి వారసురాలు.

గుండెకు తనదైన విద్యుత్ వ్యవస్థ ఉన్నది. కుడి కర్ణిక పైభాగంలో సైనస్ నోడ్ అనే చిన్న కణజాలం ఉంటుంది. అక్కడ పుట్టిన సంకేతం కర్ణికల గుండా ప్రయాణించి, మధ్యలో ఏవీ నోడ్ అనే ద్వారం వద్ద క్షణంలో కొంత భాగం ఆగి, అక్కడి నుండి జఠరికలకు చేరుతుంది. విశ్రాంతి స్థితిలో నిమిషానికి 60 నుండి 100 స్పందనలు సాధారణమని పుస్తకాలు చెబుతాయి. రోజుకు సుమారు లక్ష. ఈ లక్షలో కొన్ని తాళం తప్పకుండా ఉంటాయని ఆశించడం అత్యాశ. ఆరోగ్యవంతులకు ఇరవై నాలుగు గంటల హోల్టర్ పరీక్ష చేస్తే చాలామందిలో ఎక్కడో ఒకచోట తొందరపడి వచ్చిన స్పందన కనబడుతుంది. దాన్ని ఎక్టోపిక్ అంటారు. దాని తర్వాత చిన్న విరామం, ఆ తర్వాత బలమైన స్పందన వస్తాయి. 'గుండె ఒక్కసారి ఆగి దబ్బున కొట్టుకున్నట్లయింది' అని మనవారు చెప్పేది దీనినే.

పరీక్షకు వెళ్లే పిల్లల ఈసీజీలో తరచూ కనిపించే 'తేడాలు' చాలావరకు ఇలాంటి నిరపాయకరమైనవే. ఊపిరి పీల్చినప్పుడు వేగం పెరిగి, వదిలినప్పుడు తగ్గే సైనస్ అరిథ్మియా యౌవనానికి సహజ లక్షణం. రోజూ పరుగెత్తేవారికి, ఫుట్‌బాల్ ఆడేవారికి నాడి 50కి దిగడం జబ్బు కాదు, సాధన ఫలితం. కుడి బండిల్ బ్రాంచ్‌లో అసంపూర్ణ అవరోధం, ఏవీ నోడ్ వద్ద కొద్దిపాటి ఆలస్యం, ఎస్టీ భాగం కాస్త పైకి లేవడం, ఇవన్నీ ఆరోగ్యవంతులైన యువకులలో చూసేవే. కొన్నిసార్లు తప్పు గుండెది కాక టెక్నీషియన్‌ది అవుతుంది. కుడి చేతి తీగ ఎడమ చేతికి తగిలిస్తే గుండె కుడి వైపున ఉన్నవానిలా ఈసీజీ వస్తుంది. అందువల్ల 'అసాధారణం' అని యంత్రం తానుగా ముద్రించిన మాట చూసి కళ్లనీళ్లు పెట్టుకోనక్కర లేదు. ఆ మాట యంత్రానిది, తీర్పు డాక్టర్‌ది.

మరికొన్నింటిని మాత్రం తేలికగా తీసుకోరాదు. కర్ణికలు క్రమం తప్పి కంపించే ఏట్రియల్ ఫిబ్రిలేషన్, హఠాత్తుగా నిమిషానికి 180, 200 వరకు దూకే సుప్రావెంట్రిక్యులర్ టాకికార్డియా, క్యూటీ విరామం పొడవుగా ఉండే వంశపారంపర్య లోపం, 1992లో బ్రుగాడా సోదరులు వర్ణించిన బ్రుగాడా సిండ్రోమ్ ఈ కోవకు చెందినవి. వీటిలో చివరి రెండింటికి కుటుంబ చరిత్ర ముఖ్యం. మేనమామ ముప్పై ఏళ్లకే నిద్రలో చనిపోయాడు, పెదనాన్న కొడుకు ఈత కొడుతూ మునిగిపోయాడు వంటి సంగతులు ఇళ్లలో 'విధి' అన్న మాటతో ముగిసిపోతాయి. పరీక్ష ఫారంలో కుటుంబ చరిత్ర గురించి అడిగినప్పుడు ఆ మరణాలను గుర్తు తెచ్చుకొని చెప్పడం పైలట్ ఉద్యోగం కోసమే కాదు, ఆ ఇంట్లోని మిగిలిన పిల్లల ప్రాణాల కోసం కూడా.

వీటన్నింటిలో యువ అభ్యర్థులను ఎక్కువగా కలవరపెట్టేది మరొకటి. మేమెరిగిన గుంటూరు ప్రాంతపు కుటుంబంలో అదే జరిగింది. తండ్రికి మిర్చి యార్డులో కమీషన్ దుకాణం. పెద్ద కొడుకు ఇంటర్ పూర్తి చేసి రెండవ తరగతి వైద్య పరీక్షకు వెళ్లాడు. ఈసీజీ చూసిన డాక్టర్ చాలాసేపు మాట్లాడలేదట. ఆ తర్వాత, "బాబూ, ఎప్పుడైనా ఉన్నట్టుండి గుండె దడ మొదలై, ఉన్నట్టుండి ఆగిపోయిందా?" అని అడిగాడు. తండ్రి అందుకొని, "వాడికి ఏ రోగమూ లేదండీ, రోజూ క్రికెట్ ఆడతాడు" అన్నాడు. కొడుకు తల వంచుకొని, "రెండుసార్లు వచ్చింది అబ్బా. అమ్మీ భయపడుతుందని చెప్పలేదు" అన్నాడు.

ఆ కాగితం మీద ఉన్నది డబ్ల్యూపీడబ్ల్యూ. 1930లో ఈ లక్షణాన్ని కలిసి వర్ణించిన వోల్ఫ్, పార్కిన్సన్, వైట్ అనే ముగ్గురు వైద్యుల పేర్లలోని మొదటి అక్షరాలవి. కర్ణికకూ జఠరికకూ మధ్య ఏవీ నోడ్ అనే ఒక్క ద్వారమే ఉండవలసి ఉండగా, వీరికి పుట్టుకతోనే పక్కన మరో దొడ్డిదారి ఉంటుంది. సంకేతం ద్వారం వద్ద ఆగకుండా ఆ దొడ్డిదారిన ముందే చేరిపోతుంది. అందువల్ల ఈసీజీలో 0.12 సెకన్ల కంటే తక్కువ పీఆర్ విరామం, క్యూఆర్ఎస్ మొదట్లో వాలుగా లేచే డెల్టా తరంగం కనిపిస్తాయి. ప్రతి వెయ్యి మందిలో ఒకరి నుండి ముగ్గురి వరకు ఇది ఉంటుందని అంచనా. వారిలో చాలామందికి జీవితాంతం ఏ బాధా కలగదు. కొందరిలో సంకేతం ఒక దారిన దిగి, మరో దారిన ఎక్కి, గిరగిరా తిరగడం మొదలుపెడుతుంది. అదే ఆ ఆకస్మిక దడ. అరుదుగా, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వచ్చినప్పుడు ఆ వేగమంతా దొడ్డిదారిన జఠరికలకు చేరి ప్రాణాపాయం కలుగుతుంది. ఆ అరుదైన అవకాశమే కాక్‌పిట్ విషయంలో పెద్దదవుతుంది.

దీనికి చికిత్స ఉన్నది. తొడ వద్ద రక్తనాళం గుండా సన్నని తీగలను గుండెలోకి పంపి, దొడ్డిదారి ఎక్కడున్నదో ఎలక్ట్రోఫిజియాలజీ పరీక్షలో కనుగొంటారు. అదే తీగ కొసతో వేడిని ప్రసరింపజేసి ఆ దారిని మూసివేస్తారు. దీనిని కాథెటర్ అబ్లేషన్ అంటారు. నూటికి తొంభై మందికి పైగా ఒక్కసారితోనే పని పూర్తవుతుంది. హైదరాబాద్ పెద్ద ఆస్పత్రులలో ఇది నిత్యం జరుగుతున్న పనే. అయితే దారి ఏవీ నోడ్‌కు మరీ దగ్గరగా ఉంటే అసలు ద్వారమే దెబ్బతిని పేస్‌మేకర్ అవసరమయ్యే ముప్పు కొద్దిగా ఉంటుంది. అందువల్ల ఏ బాధా లేనివాడు కేవలం పైలట్ అవడానికి అబ్లేషన్ చేయించుకోవాలా అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. దొడ్డిదారి బలహీనమైనదని, ప్రమాదకరమైన వేగాన్ని మోయలేదని ఎలక్ట్రోఫిజియాలజీ పరీక్షలో రుజువైతే, చికిత్స లేకుండానే అనుమతించే అవకాశాన్ని ఐరోపా నియమాలు కల్పిస్తున్నాయి. ఈ నిర్ణయం హృద్రోగ నిపుణునితో కూర్చొని, తొందర లేకుండా చేసుకోవలసినది. ఫ్లయింగ్ స్కూలు ఏజెంటు సలహా మీద చేసుకోవలసినది ఎంతమాత్రం కాదు.

గుంటూరు అబ్బాయికి దడ వచ్చిన చరిత్ర ఉన్నది గనుక అబ్లేషన్ జరిగింది. కొన్ని నెలల తర్వాత మళ్లీ ఈసీజీ, హోల్టర్, ట్రెడ్‌మిల్, ఎకో పరీక్షలు చేశారు. ఏడాదిన్నర గడిచాక రెండవ తరగతి ధ్రువపత్రం చేతికి వచ్చింది. ఒకటవ తరగతి కోసం కాగితాలు ఇంకా నడుస్తున్నాయి. ఈ ఏడాదిన్నరలో తండ్రి పడిన ఆందోళనలో సగం అబ్బాయి గుండె గురించి కాదు, అప్పటికే ఒక సంస్థకు కట్టిన అడ్వాన్సు గురించి. ఆ సొమ్ము తిరిగి రాలేదు.

లయ తప్పిన గుండెతో ఆకాశానికి చేరినవారి కథలలో డీక్ స్లేటన్ కథ చెప్పకుండా ఉండలేము. 1959లో అమెరికా ఎన్నుకున్న తొలి ఏడుగురు వ్యోమగాములలో ఆయన ఒకడు. యుద్ధవిమానాలు నడిపినవాడు, టెస్ట్ పైలట్. శిక్షణలో ఉండగా ఆయన గుండెలో అప్పుడప్పుడూ ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వస్తున్నట్లు బయటపడింది. 1962 మార్చిలో, తన అంతరిక్ష యాత్రకు రెండు నెలల ముందు, ఆయనను తొలగించారు. జెట్ విమానాన్ని కూడా ఒంటరిగా నడపరాదని, పక్కన మరో పైలట్ ఉండాలని ఆంక్ష విధించారు. ఆయన ఉద్యోగం వదిలి వెళ్లలేదు. వ్యోమగాముల విభాగానికి అధిపతి అయి, చంద్రుని మీదికి ఎవరు వెళ్లాలో నిర్ణయించే బాధ్యత వహించాడు. తాను మాత్రం నేల మీదే ఉండిపోయాడు. పదేళ్ల తర్వాత, 1972లో, లోతైన పరీక్షలలో గుండె సవ్యంగా ఉన్నదని తేలి అనుమతి తిరిగి వచ్చింది. 1975 జూలైలో అపోలో-సోయజ్ యాత్రలో, 51 ఏళ్ల వయస్సులో, ఆయన తొలిసారి అంతరిక్షానికి వెళ్లాడు. పక్కన మరో పైలట్ ఉండాలన్న ఆ ఆంక్ష నేటికీ పలు దేశాల లైసెన్సులలో సజీవంగా ఉన్నది. ఒంటరిగా వద్దు, ఇద్దరి విమానంలో అయితే సరే అన్నది దాని సారం.

ఇక మన దేశపు పద్ధతి. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ, గుర్తించిన డాక్టర్ల వద్ద మొదట రెండవ తరగతి పరీక్ష జరుగుతుంది. కమర్షియల్ లైసెన్సుకు ఒకటవ తరగతి కావాలి. ఢిల్లీలోని ఎయిర్ ఫోర్స్ సెంట్రల్ మెడికల్ ఎస్టాబ్లిష్‌మెంట్, బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్ వంటి వాయుసేన కేంద్రాల పేర్లు ఈ సందర్భంలో తరచూ వినబడతాయి. పరీక్ష చేసే కేంద్రాల జాబితా కాలానుగుణంగా మారుతుంటుంది గనుక డీజీసీఏ వెబ్‌సైట్‌లో తాజా వివరం చూసుకోవాలి. మా సలహా ఒక్కటే. రెండవ తరగతి రాగానే ఫీజు కట్టకుండా, ఒకటవ తరగతి కూడా చేతికి వచ్చేవరకు ఆగండి. రెండవ తరగతిలో తప్పించుకున్న లోపం ఒకటవ తరగతిలో బయటపడవచ్చు.

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రమాణాల ప్రకారం మొదటి పరీక్షలోనే ఈసీజీ తప్పనిసరి. అమెరికాలో అలా కాదు. అక్కడ ఒకటవ తరగతి అభ్యర్థికి 35 ఏళ్లు దాటిన తర్వాతనే మొదటి ఈసీజీ, నలభై దాటాక ఏటా అడుగుతారు. అందువల్లనే అమెరికాలో శిక్షణ పూర్తి చేసుకొని వచ్చిన మన పిల్లలు కొందరు లైసెన్సు మార్చుకునే వేళ ఇక్కడ ఈసీజీ వద్ద తొలిసారి చిక్కుకుంటారు. విదేశాలకు పంపే తల్లిదండ్రులు బయలుదేరే ముందే ఇక్కడ పరీక్ష చేయించాలి. లయ తేడా గురించి అంతర్జాతీయ ప్రమాణం చెప్పేది కూడా గమనించదగినది. లయ అసాధారణంగా ఉన్నవాడు అనర్హుడే, అయితే ఉత్తమ వైద్య పద్ధతిలో దానిని పరిశోధించి, విధి నిర్వహణకు అడ్డు కాదని తేలితే తప్ప. ఈ 'తప్ప' అన్న మాటలోనే చాలామంది భవిష్యత్తు ఉన్నది.

కాబట్టి 'తాత్కాలికంగా అనర్హుడు' అన్న ముద్ర పడితే అది తలుపు మూయడం కాదు, మరిన్ని కాగితాలు తెమ్మనడం. ఏ పరీక్షలు కోరారో రాతపూర్వకంగా తీసుకోవాలి. వాటిని లయ సంబంధమైన నిపుణుని వద్ద చేయించాలి. గడువు లోపల సమర్పించాలి. శాశ్వత అనర్హత వచ్చినా అప్పీలుకు అవకాశం ఉన్నది. దానికీ గడువు ఉంటుంది. చాలామంది ఆ గడువును దుఃఖంలోనో బంధువుల సలహాలలోనో పోగొట్టుకుంటారు.

పరీక్షకు ముందు రాత్రి గురించి కూడా రెండు మాటలు. నిద్రలేమి, భయం, కాఫీ, ఇరానీ చాయ్, ఎనర్జీ డ్రింకులు, సిగరెట్, హుక్కా, ఇవన్నీ ఎక్టోపిక్‌లను పెంచగలవు. జలుబు మందులలో కొన్ని గుండె వేగాన్ని పెంచుతాయి, కొన్ని యాంటీబయాటిక్‌లు క్యూటీ విరామాన్ని పొడిగిస్తాయి. వేసుకున్న ప్రతి మాత్ర పేరూ డాక్టర్‌కు చెప్పాలి. రక్తహీనత, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం దడకు సాధారణ కారణాలు. ఆడపిల్లలలో రక్తహీనతను ముందుగానే సరిచేసుకుంటే ఒక అనవసరపు అనుమానం తప్పుతుంది. ఈసీజీకి ఛాతీ మీద ఎలక్ట్రోడ్లు పెట్టవలసి ఉంటుంది గనుక మహిళా టెక్నీషియన్ కావాలని అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగండి. అడగడానికి సంకోచించి, గదిలో బిగుసుకుపోయి, వేగం 120కి చేరిన ఈసీజీతో బయటికి రావడం కంటే అది మేలు.

రంజాన్ మాసంలో పరీక్ష తేదీ పడితే, వీలైనంత వరకు షవ్వాల్‌కు మార్చుకోవడం మంచిదని మా అభిప్రాయం. సహరీ కోసం తెగిన నిద్ర, పగలంతా నీరు లేకపోవడం, ట్రెడ్‌మిల్ మీద పరుగు, ఈ మూడూ కలిస్తే ఆరోగ్యవంతుని గుండె కూడా తన అసలు స్వభావం చూపలేదు. రేపు ఉద్యోగంలో చేరాక కూడా ఈ ప్రశ్న వస్తుంది. ముస్లిం దేశాల విమాన సంస్థలు కొన్ని, విధి నిర్వహణలో ఉన్న సిబ్బంది ఉపవాసం ఉండరాదని ఆదేశిస్తున్నాయి. ప్రయాణికునికి ఉపవాసాన్ని తర్వాత పూర్తి చేసుకునే సడలింపు ఖుర్ఆన్‌లోనే ఉన్నది గనుక ఇందులో మనస్తాపానికి తావు లేదు.

ఇటీవల చేతి గడియారాలు కూడా ఈసీజీ తీస్తున్నాయి. నాలుగు లక్షల మందికి పైగా పాల్గొన్న ఆపిల్ హార్ట్ స్టడీలో లయ తప్పిందన్న హెచ్చరిక పొందినవారు 0.52 శాతం మాత్రమే. 2019లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. గడియారం హెచ్చరించినంత మాత్రాన జబ్బు ఉన్నట్లు కాదు, హెచ్చరించనంత మాత్రాన లేనట్లూ కాదు. డబ్ల్యూపీడబ్ల్యూను పన్నెండు లీడ్ల ఈసీజీలోనే నమ్మకంగా గుర్తించగలరు. ఊళ్లోని ఏ ల్యాబ్‌లోనైనా అది కొన్ని వందల రూపాయల పని. పదుల లక్షల నిర్ణయానికి ముందు ఆ కొన్ని వందలు ఖర్చు చేయడానికి వెనుకాడే కుటుంబాలను చూసి మాకు ఆశ్చర్యం కలుగుతుంటుంది.

దాచడం గురించి చెప్పక తప్పదు. 'దడ వచ్చిందని చెప్పకు, చెబితే ఫెయిల్ చేస్తారు' అని సీనియర్లు నేర్పుతారు. పరీక్ష ఫారంలో అభ్యర్థి సంతకం ఉంటుంది. అబద్ధమని తేలిన రోజు లైసెన్సూ, ఉద్యోగమూ కలిసి పోతాయి. ఆ రోజు రాదన్న ధీమా కూడా వ్యర్థం. వైద్య పరీక్ష ఒక్కసారితో ముగిసేది కాదు. ఒకటవ తరగతి ధ్రువపత్రం ఏడాదికోసారి, వయస్సు పెరిగితే ఆరు నెలలకోసారి పునరుద్ధరించుకోవాలి. నలభై ఏళ్ల ఉద్యోగంలో నలభైకి పైగా ఈసీజీలు. పైగా ఆ విమానంలో కూర్చున్నవారు తమ ప్రాణాలను అతని చేతిలో అమానత్‌గా పెట్టి కూర్చున్నారు. చికిత్స ఉన్న జబ్బును దాచిపెట్టడం కంటే నష్టదాయకమైన తెలివి మరొకటి లేదు. ఇరవై ఏళ్లకు చెప్పుకుంటే ఏడాదిన్నరలో తేలిపోయే విషయం, ముప్పై అయిదేళ్లకు, పిల్లలు, ఇంటి అప్పు ఉండగా బయటపడితే తేలదు.

చివరగా ఒక చిన్న జాగ్రత్త. మొదటి ఈసీజీ కాగితాన్ని పారవేయవద్దు. ఇరవై ఏళ్ల వయస్సులో తీసిన ఆ గీత, నలభై ఏళ్లకు ఏదైనా అనుమానం వచ్చినప్పుడు, 'ఇది కొత్తగా వచ్చిన మార్పా, పుట్టుకతో ఉన్న తీరా' అని డాక్టర్ సరిపోల్చి చూడడానికి పనికివస్తుంది. కొత్తది కాదని ఆ కాగితం ఒక్కటే సాక్ష్యం చెప్పగలదు. అయితే ఈసీజీ కాగితం వేడికి ముద్రపడే రకం. బీరువాలో పెట్టినా కొన్నేళ్లకు గీతలు వెలిసిపోతాయి, ప్లాస్టిక్ కవరులో పెడితే ఇంకా త్వరగా. పరీక్ష జరిగిన రోజే జిరాక్స్ తీయించి, స్కాన్ చేసి, తేదీ వేసి ఫైలులో పెట్టండి.